మా మరిది, చైనా నాలుగో నంబరు

మా మరిది పోయాడని గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కల్లంలో నిలబడి ఎండుమిరపకాయల మీది పట్టాలు తీయిస్తున్నాను. పనివాళ్ళు నా మొహం చూసి ఆగిపోయారు. "మీరు కానివ్వండి, ఎండ పోతుంది" అని ఇంటివైపు నడిచాను. మిరపకాయలు పట్టిన చేతులతో కళ్ళు ముట్టుకోకూడదు. తొట్టి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాకే ఏడ్చాను.

అతను నా భర్తకు తమ్ముడు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే తూర్పు వాటాలో ఉండేవాడు, భోజనం నా వంటింట్లో. వాళ్ళన్న పోయాక ఈ ఇంట్లో నా మాటకు బదులు పలికే గొంతు అదొక్కటే. నేను లెక్కల టీచరుగా చేసినదాన్ని, గట్టి మనిషినని పేరు. మనవళ్ళు కూడా నా ఎదుట ఆచితూచి మాట్లాడతారు. అతనికి మాత్రం నేనంటే భయం ఎన్నడూ లేదు.

చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడాడు. బ్యాక్ ఆడేవాడు. అంటే గోలు కొట్టేవాడు కాదు, అవతలివాళ్ళను కొట్టనివ్వనివాడు. "కాళ్ళు చూస్తే మోసపోతారు, వాడి నడుము చూడండిరా" అని పిల్లలకు అరిచి చెప్పేవాడు. మా స్కూలు ఆటస్థలం చుట్టూ కల్లాలే. కాయ కోతలు మొదలయ్యాయంటే గీత దాకా మిరపకాయలు ఎండుతూ ఉండేవి. బంతి వాటిలో పడితే రైతు కర్ర పట్టుకుని వచ్చేవాడు. "ఏరా, మీరు తొక్కడానికా నేను పండించింది!" అందుకని ఎంత మంది మీదపడ్డా మా పిల్లలు బంతిని గీత దాటనిచ్చేవాళ్ళు కాదు.

ఒకసారి వాళ్ళను ఆటలకు ఒంగోలు తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద గ్రౌండు, చుట్టూ ఖాళీ. ఆట అయిపోవస్తుండగా బంతి మా గోలు ముందుకొచ్చింది. బయటికి తన్నేస్తే సరిపోయేది. మా బ్యాక్ తన్నలేదు. లోపలే తిప్పుకోబోయి పోగొట్టుకున్నాడు, గోలయింది. ఇంటికొచ్చి మజ్జిగన్నం ముందు కూర్చుని మా మరిది ఒకటే నవ్వు.

"లేని మిరపకాయలకు భయపడి ఓడిపోయాం వదినా."

"వాణ్ణి తిట్టావా?"

"ఎందుకు తిడతాను? రైతు బిడ్డ. పంట మీదికి తన్నమంటే కాలు రావద్దూ!"

రిటైరయ్యాక ఫోనులో ఏదో వెతుకుతుంటే చైనా లీగు ఆట తగిలింది. వాళ్ళకు రాత్రి మొదలయ్యే వేళ మనకు సాయంత్రం టీ వేళ. ఒక జట్టులో నాలుగో నంబరు చొక్కాతో సన్నటి కుర్రవాడు బ్యాక్ ఆడుతున్నాడు. పేరు చైనా అక్షరాల్లో ఉంటే మాకేం తెలుస్తుంది? మా మరిది అతనికి "మనోడు" అని పేరు పెట్టాడు.

"వదినా, రా, చూడు! బంతిని ఊరికే బయటికి తన్నడం లేదు. వీడి ఊళ్ళో కూడా గ్రౌండు పక్కన మిరపకాయలు ఎండబెడతారు."

"నీకెవరు చెప్పారయ్యా?"

"ఒకరు చెప్పాలా? మన తేజ రకం మిరపకాయ అక్కడికే పోతోందిగా. అది తిన్న కాలు ఊరుకుంటుందా?"

మొదట్లో నేను వంటింట్లోంచే వినేదాన్ని. తర్వాత నా కుర్చీ కూడా వసారాలో అతని కుర్చీ పక్కకు చేరింది. ఆట చూస్తున్నంతసేపూ మా మరిది ఎడమ పాదం నిలిచేది కాదు. మనోడు పక్కకు జరిగితే కుర్చీ కింద ఇతని పాదమూ సర్రున జరిగేది. అక్కడ గచ్చు అరిగి నున్నబడింది.

"నేల పాడుచేస్తున్నావు" అనేదాన్ని.

"గోలు పోవడం కన్నా గచ్చు పోవడం మేలు వదినా."

ఏళ్ళు గడిచాయి. మనోడు పెద్ద జట్టుకు మారాడు. వాళ్ళ దేశం చొక్కా కూడా వేసుకున్నాడు. ఒక పెద్ద ఆటలో మాత్రం, ఆపబోయిన బంతి తన కాలికే తగిలి సొంత గోల్లో పడింది. ఆ పూట మా మరిది కంచం ముందుకు రాలేదు.

"గోలు నువ్వు వేసుకున్నావా? లేచి రా" అని కేకలేశాను.

"గోలు కొట్టినవాణ్ణి పదిమందీ వచ్చి కావలించుకుంటారు. వీడి దగ్గరికి ఒక్కడూ రాలేదు, చూశావా?" అన్నాడు.

అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెట్టాను.

ఆ తర్వాత మనోడికి మోకాలు దెబ్బతింది. కోలుకుని వచ్చేసరికి పెద్ద జట్టు వదిలేసింది. చిన్న జట్టులో చేరినా, చాలాసార్లు బెంచీ మీదే.

ఈ ఏడు అక్కడ ఆటలు మొదలయ్యే నాటికి మా మరిది ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డాడు. మంచం పక్కన ఫోను పట్టుకుని నేనే చూపించాను. మనోడు బెంచీ మీద చలికోటు వేసుకుని కూర్చున్నాడు.

"వాడికి ఇదే ఆఖరి ఏడాది వదినా. ఒక్కసారి దిగితే చూసి పోతాను."

"పోయే మాటలు నా దగ్గర వద్దు."

"సరే. నేను చూడకపోతే నువ్వు చూడు. వాడికోసం చూసేవాళ్ళు ఇక్కడ ఒక్కరన్నా ఉండాలి."

"చూస్తానులే, పడుకో" అన్నాను. ఆ రోజు మనోణ్ణి దించలేదు. మళ్ళీ ఆట వచ్చేలోపు మా మరిది వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. తూర్పు వాటాకు గొళ్ళెం పెట్టాను. అతని ఫోను వసారా గోడకు ఆనించి, అతని కుర్చీలోనే కూర్చున్నాను. అక్కడైతే తెర సరిగ్గా కనపడుతుంది. మనోడు బెంచీ మీదే ఉన్నాడు. చాలాసేపు చూశాను. కట్టేద్దామనిపించింది కానీ మాటిచ్చాను కదా. ఆట చివర్లో, గీత దగ్గర ఒకాయన నంబర్ల పలక పైకెత్తాడు. నాలుగు. మనోడు కోటు విప్పి, మోకాలు ఒకసారి తడుముకుని లోపలికి పరుగెత్తాడు.

"దిగాడయ్యా!" అన్నాను పైకే.

పలికేవాళ్ళు లేరు. బయట పనివాళ్ళు కాయల మీద పట్టాలు కప్పి వెళ్ళిపోయారు.

అవతలి జట్టు కుర్రవాడొకడు బంతి తీసుకుని గీత వెంబడే దూసుకొచ్చాడు. మనోడు మీదికి వెళ్ళలేదు. ఆ కుర్రవాడి నడుము మీదే చూపు పెట్టి వెనక్కి వెనక్కి నడిచాడు. నడిచి, ఉన్నట్టుండి ఎడమవైపుకు జరిగాడు. బంతి మనోడి పాదం దగ్గర ఆగిపోయింది. గీత దాటలేదు.

నేను కిందికి చూసుకున్నాను. గచ్చు మీద ఆ నున్నటి చోట, నా ఎడమ పాదం పక్కకు జరిగి ఉంది.