నాయన మానేసిన చప్పుడు

మా నాయన పెనుకొండలో నడుము పట్టు తీసేవాడు. బస్టాండు వెనక సందులో ఒక గది, గదిలో పరుపు లేని చెక్క మంచం, గోడకు ఆంజనేయస్వామి పటం. అంతే ఆయన సరంజామా. నడుము పట్టేసినవాళ్ళు, మెడ తిప్పలేనివాళ్ళు హిందూపురం నుంచీ ధర్మవరం నుంచీ కూడా వచ్చేవాళ్ళు. బోర్లా పడుకోబెట్టి, వేళ్ళతో వెన్ను తడిమి, ఒక్కసారి గట్టిగా అదిమితే లోపల టక్కుమని చప్పుడయ్యేది. జనం వచ్చేది ఆ చప్పుడు కోసమే. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు సైతం చెవులు రిక్కించి వినేవాళ్ళు. వినబడితే నొప్పి పోయినట్టే లెక్క. వినబడకపోతే ఇంకోసారి అదమమని రోగే అడిగేవాడు.

తొంభైల్లో నేను బెంగుళూరులో ఫిజియోథెరపీ చదువుకుని వచ్చి హిందూపురంలో ఒక ఆసుపత్రిలో చేరాను. చదువు తలకెక్కిన కొత్త. ఆదివారం ఇంటికొచ్చినప్పుడల్లా నాయనతో గొడవే. ఆ చప్పుడు మెటికలు విరిచినప్పుడు వచ్చేలాంటిదే తప్ప ఏ ఎముకా జరగలేదనీ, ఏ ఎముకా తిరిగి చోట్లో కూర్చోలేదనీ వాదించేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు.

"బాగు కాకపోతే మళ్ళా వస్తారు కదమ్మా. వచ్చినారా?"

అదే మాట ధర్మవరంలో, హిందూపురంలో ఆ పని చేసే ప్రతివాడూ చెప్పేవాడు. తిరిగి రానివాడంటే బాగుపడినవాడే. ఆ వృత్తి మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడి ఉండేది. రానివాడు ఎందుకు రాలేదో కనుక్కుందామన్న ఆలోచన తరతరాలుగా ఒక్కరికీ రాకపోవడం నాకు ఒళ్ళు మండించేది.

ఒకరోజు విసుగెత్తి, రానివాళ్ళను ఎప్పుడైనా పోయి అడిగావా అన్నాను. నాయన మనసులో పడిన మాటను వదిలే మనిషి కాదు. ఆ వేసవిలో పల్లెల్లో పనులు లేని రోజులు చూసుకుని, గదికి తాళం వేసి బస్సెక్కడం మొదలుపెట్టాడు. గుర్తున్నవాళ్ళ ఇళ్ళకు పోయి, నడుము ఎట్లుందని అడిగి రావడమే పని. వైద్యం చేసేవాడు రోగుల గడపలు తొక్కితే పరువేముంటుందని అమ్మ సణిగేది.

కొందరు నిజంగానే బాగున్నారు. కొందరు ఇంట్లో పడుకుంటే దానంతటదే తగ్గిందన్నారు. చాలామంది తగ్గక ఇంకొకడి దగ్గరికి పోయారు. ఆ ఇంకొకడి దగ్గర తగ్గక మా నాయన దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అంటే ఇక్కడ బాగుపడ్డాడని లెక్కేసుకున్నవాడే అక్కడ కొత్త రోగి. ఇది చెబుతూ నాయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

ధర్మవరం పోయొచ్చాక నవ్వు ఆగిపోయింది. అక్కడ పట్టుచీరలు నేసే ఒకావిడ, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము నొప్పి చేసి, అంతకుముందు ఏడాది నాయన దగ్గరికి వచ్చింది. కాలు తిమ్మిరిగా ఉందని అప్పుడే చెప్పిందట. నాయన చప్పుడు తీసి పంపించాడు. చప్పుడు వచ్చింది కదా, తగ్గుతుందిలే అని ఇంట్లోవాళ్ళు ఎదురుచూశారు. పెద్ద డాక్టరుకు చూపించేసరికి ఆలస్యమైపోయిందన్నారు. నాయన వాళ్ళింటికి పోయినప్పుడు ఆవిడ గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆయనకు చాప పరిచింది.

"నువ్వు చప్పుడు బాగానే తీసినావు సామీ. మా రాతే బాగలేదు," అందట.

తిట్టి ఉంటే నాయన తట్టుకునేవాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి చప్పుడు మానేశాడు. కాలు తిమ్మిరెక్కుతోందా, జ్వరం వస్తోందా, ఒంటికి పోయేటప్పుడు తెలుస్తోందా అని ముందే అడిగేవాడు. అనుమానం వస్తే మంచం ఎక్కనివ్వకుండా ఆసుపత్రికి పొమ్మనేవాడు. మిగతావాళ్ళకు నేను నేర్పిన వ్యాయామాలు చేయించేవాడు. తానొక్కడు మానితే చాలదని, తోటివాళ్ళందరి చేతా మాన్పించాలని పట్టు పట్టాడు. నేను చెబితే వాళ్ళు వినరు, డాక్టర్లు చెబితే అసలే వినరు. నాయన చెబితే వింటారనుకున్నాం. ఆ మూడు ఊళ్ళలో ఆయనను మించి పేరున్న చేయి లేదు.

ధర్మవరంలో చిన్న కల్యాణమండపం మాట్లాడి, భోజనాలు పెట్టి, అందరినీ పిలిచాం. నేను వెన్నెముక బొమ్మ పట్టుకుపోయి నరాలు ఎక్కడ నలుగుతాయో చూపించాను. హాయిగా ఆవలించారు. తర్వాత నాయన లేచాడు.

"నాకాడికి తిరిగి రానోళ్ళంతా బాగైనారనుకుంటి. పోయి చూసినా. ఈ ఊర్లోనే ఒకాయమ్మ కాలు ఈడుస్తాండాది. ఆ నడుము అదిమిన చేయి నాదే. మీకాడ గూడా ఇట్లాంటోళ్ళు ఉంటారు. పోయి చూడండప్పా."

ఆవలింతలు ఆగిపోయాయి. నాయనను అన్నా అని పిలిచే ఒక హిందూపురం ఆయన టవలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు అప్పుడప్పుడూ అలా కూడుతూనే ఉన్నాం. ప్రతిసారీ ఆ హిందూపురం ఆయన ముందు వరసలో కూర్చునేవాడు. రోగిని ఏమేం అడగాలో తడుముకోకుండా అప్పజెప్పేవాడు. వీళ్ళలో ఒక్కడైనా మారాడని నేను పొంగిపోయాను.

ఈలోగా నాయన బెంచీ ఖాళీ అయింది. చప్పుడు తీయని చేతి దగ్గరికి ఎవరొస్తారు? ముసలాయనకు సత్తువ తగ్గిందన్నారు. ఆసుపత్రికి పొమ్మని నాయన పంపినవాళ్ళు నేరుగా హిందూపురం బస్సెక్కేవాళ్ళు, ఆ కళ్ళు తుడుచుకున్నాయన దగ్గరికే. ఆయన ఏమీ అడగకుండా టక్కుమనిపించి పంపేవాడు. నాయనకు ఆ సంగతి తెలుసు. తెలిసే కన్నుమూశాడు. నాకు ఇప్పటికీ కడుపు మంట అదే.

నాయన పోయిన మరుసటేడు హిందూపురంలో ఆ కళ్ళు తుడుచుకున్నాయన గది ముందునుంచి పోతూ ఆగిపోయాను. గుమ్మం మీద కొత్త బోర్డు, పెనుకొండ గురువుగారి ప్రియశిష్యుడని. పక్కనే గోడకు నాయన ఫోటో, దానికి తాజా చేమంతి దండ. లోపలికి పోయాను. మర్యాదగా కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఫోటో తీసేయమన్నాను. నాయన మానేసిన పనికి నాయన ఫోటో ఏమిటన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"మీ నాయన చేతిలో సత్తువ లేక మానుకున్నాడని ఊరంతా అంటాండ్రి పాపా. కాదని నేనే చెప్తా వస్తాండా. పోయేదాకా అన్న చేతిలో చప్పుడు తగ్గలేదని అందరికీ చెప్పినా. ఆయప్ప మర్యాద నిలబెట్టింది నేను."

నాయనకు ఉపకారం చేశాననే ఆయన నమ్మకం. మోసగాడైతే తిట్టి రావచ్చు. టీ ముట్టకుండా లేచాను.

బయట బెంచీ నిండా జనం. ఒక నడివయసు మనిషి తన వంతు వచ్చి లేచాడు. కాలు ఈడుస్తూ నడిచి, నాయన ఫోటోకు దండం పెట్టుకున్నాడు. నేను ఆయన చేయి పట్టుకుని ఆపాను. కాలు తిమ్మిరిగా ఉందా అంటే ఉందన్నాడు. లోపలికి పోవద్దనీ, నాతో ఆసుపత్రికి రమ్మనీ బతిమాలాను. నువ్వెవరమ్మా అన్నాడు. ఫోటో చూపించి, ఆయన కూతురినన్నాను. ఆయన మొహం విప్పారింది.

"అట్లనా తల్లీ. అయితే నీకూ వస్తాదా, చప్పుడు తీసేది?"

రాదన్నాను. ఆయన మెల్లగా చేయి విడిపించుకుని లోపలికి పోయాడు. కాసేపటికి టక్కుమని వినబడింది. బెంచీ మీద ఉన్నవాళ్ళు నాయన ఫోటో వైపు చూసి తలలూపారు.