ముప్పై అడుగుల ముందే ఆగిన బస్సు

కరోనా తగ్గిన రెండో ఏడాది వేసవిలో, విజయనగరంలో మా బస్ స్టాప్ ముందు రోడ్డు అంచు వెంబడి ఆకుపచ్చ రంగు వేశారు. అది సైకిల్ ట్రాక్ అని, సైకిళ్లు మాత్రమే వెళ్లే దారి అని రంగు వేసే మేస్త్రి చెప్పాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా నేను ఆ స్టాప్ దగ్గర జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతున్నాను.

ఆ స్టాప్ అమరిక చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. లోపలి వైపు ఫుట్‌పాత్, దాని మీద షెల్టర్, అంటే జనం కూర్చునే రేకుల షెడ్డు. షెల్టర్‌కీ రోడ్డుకీ మధ్య సైకిల్ ట్రాక్. బస్సు ఎక్కాలంటే ఆ ట్రాక్ దాటి వెళ్లాలి. అందుకని షెల్టర్ ముందు మాత్రం ట్రాక్ మీద తెల్ల చారలు గీసి, వాటికి ముందు రంబుల్స్ వేశారు. రంబుల్స్ అంటే చిన్న చిన్న గట్లు. చక్రం వాటి మీదికి రాగానే సైకిల్ గడగడలాడుతుంది, తొక్కేవాడు నెమ్మదిస్తాడు. ఆలోచన బాగానే ఉంది. బస్సు షెల్టర్ ముందే ఆగినంత కాలం ఎవరికీ ఏమీ కాదు.

కానీ స్టాప్‌లో బేరం చేసుకునేవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. డ్రైవరు బోర్డు చూసి బస్సు ఆపడు, జనాన్ని చూసి ఆపుతాడు. జనం ఎక్కడ గుమిగూడితే అదే స్టాప్.

ఆ జనమంతా పైడమ్మ దగ్గర ఉండేవారు. ఆమెది మూరీ మిక్చర్ బండి, అంటే మరమరాల మిక్చర్, షెల్టర్ పక్కనే, రేకు నీడలో. నా బండి ముప్పై అడుగులు ఎగువన, బస్సులొచ్చే వైపు, ఎండలో. వరసకి ఏమీ కాకపోయినా ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. ఆమె ఉల్లిపాయ తరుగుతూ ఏదో ఒకటి అంటుంది, పది మంది నవ్వుతారు. కండక్టర్లు కిటికీలోంచి తల బయటపెట్టి ‘మూరీ అప్పా’ అని సొంత అక్కను పిలిచినట్టు పలకరిస్తారు. నన్ను ఎవరూ పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నా జామకాయలు కొనేవాళ్లు కూడా కొనుక్కుని ఆమె దగ్గరికి వెళ్లి తినేవాళ్లు. దానికి నా కడుపు రగిలిపోయేది. ఆమె చెడ్డదైతే ఆ మంటకు ఒక అర్థం ఉండేది. ఆమె మంచిది కావడమే నాకు పడేది కాదు.

నాకు ఉండి ఆమెకు లేనిది ఒక్కటే, చదువు. నలభై తొమ్మిదో ఏట సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. పైడమ్మ డ్రైవరు ముఖాన్నో, బంపరు సొట్టనో చూసి బస్సును గుర్తుపట్టేది. అది దగ్గరికి వస్తే గానీ తెలియదు. నేను మలుపులోనే బోర్డు చదివేసేదాన్ని. చదవగానే కేక వేసేదాన్ని.

“సాలూరు బస్సొస్తన్నాది! ఇటు రండి, ఇటు!”

మొదట ఇద్దరు ముగ్గురు వచ్చారు. నెల తిరిగేసరికి జనమంతా నా కేక కోసం చూడటం మొదలుపెట్టారు. షెల్టర్ వదిలి నా బండి ముందుకు పరిగెత్తి వచ్చి, ఆకుపచ్చ రంగు మీద నిలబడేవారు. బస్సులూ అక్కడే ఆగసాగాయి. ఎక్కేముందు కొందరు నా దగ్గర కాయలు కొనేవారు.

“ఏటి వదినా, బస్సునే తోలుకొచ్చీసినావు నీ గుమ్మంలోకి!” అని పైడమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు ఉందేమోనని వెతికాను. కనిపించలేదు.

నా బండి ముందు చారలూ లేవు, రంబుల్సూ లేవు. పైగా రోడ్డు అక్కడ షెల్టర్ వైపు పల్లంగా దిగుతుంది. ఒక ఉదయం గజపతినగరం బస్సు మలుపు తిరిగింది. నేను కేక వేశాను. జనం పరిగెత్తుకొచ్చారు. అదే సమయంలో సన్యాసి అనే పాలాయన సైకిల్‌కు రెండు వైపులా కేన్లు కట్టుకుని పల్లంలో వస్తున్నాడు. బెల్లు కొడుతూనే ఉన్నాడు. అంత బరువుతో బ్రేకు పడలేదు. బొండపల్లి వెళ్లాల్సిన ఒక ముసలామెను గుద్దేశాడు. ఆమె కెర్బ్ మీద, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆమెను ఆటో ఎక్కించింది పైడమ్మే. ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను బండి దగ్గరే ఉండిపోయాను.

మర్నాడు రోడ్డు పని చూసే ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న వయసు పిల్ల. చేతిలో కాగితాలున్నాయి.

“మీరిద్దరూ రోజూ ఇక్కడే ఉంటారు కదా. ఏం జరిగిందో స్టేట్‌మెంట్ రాసివ్వండి. అంటే చూసింది చూసినట్టు.”

“నాకు రాదమ్మా,” అంది పైడమ్మ. “మా వదినకి వచ్చు. అది రాస్తే నాను ఏలిముద్రేసెత్తాను.”

నేను రాశాను. షెల్టర్ పక్కన పైడమ్మ బండి అడ్డంగా ఉండటం వల్ల జనానికి నిలబడే చోటు లేదని, అందుకే వాళ్లు ఎగువకు వచ్చి సైకిల్ ట్రాక్ మీద నిలబడుతున్నారని రాశాను. నా కేక సంగతి రాయలేదు.

“ఓపాలి సదువు వదినా,” అంది పైడమ్మ.

చదివాను. ఆమె బండి గురించిన రెండు వాక్యాలు వదిలేసి చదివాను. ఆమె ఉల్లిపాయ తడి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది.

నాలుగు రోజుల్లో పైడమ్మ బండిని రోడ్డు అవతల మురుగుకాలువ పక్కకు పంపేశారు. బస్సు కోసం అక్కడ ఎవరూ నిలబడరు. నీడ నాకు వచ్చింది. రేకు కింద ఓ మూలకు బండి పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లందరూ ఒకటే ప్రశ్న అడిగారు.

“మూరీ అప్ప ఏదీ?”

ఆమె లేని చోట కూడా ఆమె మీద అసూయ పడుతూ కూర్చున్నాను.

వారం తర్వాత మధ్యాహ్నం పైడమ్మ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో గంజి డబ్బా ఉంది.

“ఆసుపత్రికెల్తన్నాను. ఆ ముసలమ్మకి ఎవులూ లేరు వదినా. పూటా గంజట్టుకెల్తన్నాను.”

“నీకెందుకే ఆ బాధ?”

“నాకు కాకపోతే ఎవులికి? నా బండి వల్లే పడిపోనాదట గదా. కాయితంలో అలాగే ఉన్నాదని ఆ ఆఫీసు బంట్రోతు సెప్పినాడు.” గొంతు తగ్గించింది. “నువ్వు అలా రాయలేదు, నాకు తెల్సు. ఆల్లే మార్సీసుంతారు. నువ్వు ఎల్లి ఆలతో దెబ్బలాడకు. నీ బండి కూడా తీసెత్తారు.”

అంత నమ్మకం ఎవరైనా నా మీద పెట్టుకోవడం అదే మొదటిసారి. అయినా నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, కోపం. ఇందులోనూ ఈమే గెలిచింది అనుకున్నాను. సిగ్గు తర్వాత వచ్చింది. ఆమె ఆ డబ్బా పట్టుకుని ఎండలో నడిచి వెళ్తుంటే వచ్చింది.

ఆ సాయంత్రమే రెండో కాగితం రాశాను. జనాన్ని ట్రాక్ మీదికి పిలిచింది నేనే అని, మొదటి కాగితంలో రాసింది అబద్ధమని, పైడమ్మకు పూర్తిగా చదవకుండా వేలిముద్ర వేయించానని రాశాను. ఆఫీసుకు వెళ్లేముందు రోడ్డు దాటి దాన్ని పైడమ్మకు చదివి వినిపించాను. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు.

ఆమె ఉల్లిపాయ తరగడం ఆపింది.

“నాను ఆ ముసలమ్మ కాళ్లట్టుకుని ఏడ్సినాను,” అంది. “తప్పు నాదే అని.”

మళ్లీ ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజినీరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. “ట్రాక్ ఎక్కడ గీయాలో లెక్క వేశాం కానీ మీ కేకను ఎవరూ లెక్క వేయలేదు,” అంది. పైడమ్మ బండిని తిరిగి షెల్టర్ పక్కకు తెప్పించింది. నా బండిని షెల్టర్‌ను ఆనుకుని దిగువ వైపు, చారల పక్కనే పెట్టించింది. నేను కేక వేసినా జనం చారల మీదుగానే రావాలి. ఎగువన రెండు చోట్ల రంబుల్స్ వేయించింది. ముసలామె ఇప్పుడు చేతికర్రతో నడవగలుగుతోంది. ఆసుపత్రిలో ఉండగానే ఆమెకూ నిజం చెప్పాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఇప్పటికీ మలుపులో బోర్డు చదివేది నేనే. కానీ జనం చారల వెనక నిలబడ్డాకే నోరు విప్పుతాను. రోడ్డు మీద గీతలు ఎన్ని గీసినా, ఆ గీతల పక్కన కూర్చునే మనుషులు జనాన్ని ఎటు పిలుస్తారో దాన్ని బట్టే ఎవరి ఎముకలు విరుగుతాయో, ఎవరివి మిగులుతాయో తేలుతుందని నాకు తెలిసింది. ఆ తెలివి నా ఖర్చుతో రాలేదు, ఒక ముసలామె తుంటి ఖర్చుతో వచ్చింది.

పైడమ్మ నాతో మాట్లాడుతుంది. వదినా అనే పిలుస్తుంది. కానీ ఏ కాగితం వచ్చినా నా చేతికి ఇవ్వదు. బండి వదిలేసి, ట్రాక్ దాటి, రోడ్డు దాటి, ఎదురుగా మందుల కొట్టాయన దగ్గరికి వెళ్లి చదివించుకుని వస్తుంది. నేను పది అడుగుల దూరంలోనే ఉంటాను. ఆయన ఒక్కో మాట చదువుతుంటే ఆమె తల ఊపుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఆయన మీద అసూయగా ఉంటుంది.