లాటిన్ చదువుకి వీసా ఇంటర్వ్యూ

మా అమ్మాయి లాటిన్ చదువుతానంది. అందరి పిల్లలూ డాక్టర్లు, కంప్యూటర్లు అంటుంటే మీ ఇంట్లో ఇదేం విడ్డూరం అని ఇక్కడ అమెరికాలో, మా ఇర్వింగ్ ఊళ్ళో స్నేహితులంతా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ! నాకు మాత్రం మొదటి రోజు నుంచీ గర్వమే. రెండు వేల ఏళ్ళనాటి భాషని కూర్చుని, కూడబలుక్కుంటూ చదివే పిల్ల ఎంతమందికి పుడుతుంది?

అది కోరుకున్న యూనివర్సిటీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడే లాటిన్ చదువుకున్న పెద్దావిడ ఒకరు మా ఊళ్ళోనే కాఫీ షాపులో కలిసి మాట్లాడతారట. పిల్లకి ఆ సీటు తప్ప వేరే ధ్యాస లేదు.

ఇంటర్వ్యూ అనగానే మా ఆయనకి పూనకం వచ్చింది. మాస్టర్స్‌కి వచ్చే కుర్రాళ్ళు ఎంతమందికో ఫోన్లోనే వీసా ఇంటర్వ్యూకి తర్ఫీదిచ్చిన మనిషి. ఆయన దృష్టిలో ప్రపంచం మొత్తానికి ఇంటర్వ్యూ అంటే ఒకటే, చెన్నై కాన్సులేట్ కిటికీ.

"చూడమ్మా, అడిగినదానికే ఆన్సర్ చెయ్యి. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడావో, రిజెక్ట్. సర్టిఫికెట్లన్నీ ఫైల్‌లో పెట్టుకో. అడిగితేనే తియ్యి."

డైనింగ్ టేబుల్‌కి అటువైపు ఆయన, ఇటువైపు ఇది. "వై లాటిన్?" "ఐ లైక్ లాటిన్, సర్." "గుడ్. నెక్స్ట్." వారం తిరిగేసరికి వాగుడుకాయలాంటి నా కూతురు బొమ్మలా తయారైంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ, అది వెళ్తోంది వీసాకా? నోరు కట్టేసి పంపితే దీనికేం వచ్చో ఆవిడకి ఎలా తెలుస్తుంది?"

"నీకు తెలీదు, ఊరుకో. నేను ప్రిపేర్ చేసినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు."

ఊరుకుంటానా! మర్నాడు గోంగూర కట్టలు ముందేసుకుని దాన్ని పక్కన కూర్చోబెట్టాను. "ఆ లాటిన్‌లో నీకు బాగా నచ్చిందేదో నాకు చెప్పవే. తెలుగులో చెప్పు."

"సమాధి రాళ్ళు అమ్మా. రోడ్ పక్కన ఉంటాయి. స్టోన్ మాట్లాడుతుంది. వెళ్ళేవాళ్ళని కొంచెం ఆగు, చదువు అంటుంది."

"వాళ్ళెవరో, చచ్చినవాళ్ళెవరో. ఎందుకాగుతారే?"

"ఆ రోజుల్లో అందరూ పైకి చదువుతారు, లౌడ్‌గా. ఒక రాయి చిన్న పాపది. అది చదివితే, చచ్చిపోయిన ఆ పాపని మళ్ళీ ఎవరో పేరుతో పిలిచినట్టు అవుతుంది కదా!"

నా చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. ఇంకా చెప్పమన్నాను. అడిగినకొద్దీ చెప్పింది. తెలుగు దొరకనిచోట ఇంగ్లీషు, రెండూ చాలనిచోట చేతులు. ఆ తర్వాత రోజూ కూర్చోబెట్టాను.

"అక్కడా ఇలాగే మాట్లాడు. నాన్న సంగతి నేను చూసుకుంటా."

ఇంటర్వ్యూ రోజు ముగ్గురం వెళ్ళాం. మేమిద్దరం కార్‌లోనే ఉండిపోయాం. కాఫీ షాపు అద్దాల్లోంచి ఇద్దరూ కనబడుతున్నారు. ఇది ఫైల్‌ని పొట్టకి హత్తుకుని బిగుసుకుపోయి కూర్చుంది. పెద్దావిడ అడుగుతోంది, ఇది తలూపుతోంది. పోయింది సీటు, అనుకున్నాను. ఇంతలో ఆవిడ ముందుకి వంగి ఏదో అడిగింది. ఇది ఫైల్ పక్కన పెట్టింది. ఇక మొదలు! చేతులు గాల్లోకి లేచాయి.

"అయిపోయింది. మొత్తం చెడగొట్టేస్తోంది" అని మా ఆయన తల పట్టుకున్నారు.

చివరికి ఆ పెద్దావిడే దాన్ని కారుదాకా తీసుకొచ్చింది. మా ఆయన గబుక్కున దిగి, "సారీ మేడమ్, షి టాక్స్ టూ మచ్" అన్నారు. ఆవిడ నవ్వేసింది. తను లాటిన్ వదిలేసి ఎన్నో ఏళ్ళయిందనీ, ఇవాళ ఇంటికెళ్ళగానే పాత పుస్తకాలు బయటికి తీస్తాననీ చెప్పి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపింది. నా బంగారుతల్లి! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సీటు కూడా వచ్చింది గానీ, అది తర్వాతి సంగతి.

హైవే ఎక్కాక మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏంటమ్మా, ఆవిడకి అంతసేపు ఏం చెప్పావ్? నాకూ చెప్పు."

అది మొదలుపెట్టింది. మా ఇంటికి తిరగాల్సిన ఎగ్జిట్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన వింటూనే ఉన్నారు. నేను గుర్తు చెయ్యలేదు.