ఫీజు పోయిందన్నాను

నూజెండ్ల దగ్గర మా ఊరికి కరెంటొచ్చి అప్పటికి రెండేళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ మా ఇంటికెదురుగానే ఉండేది. వినుకొండ నుంచి సైకిలు మీద వచ్చే లైన్‌మన్ సాయిబును నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన జాగ్రత్త చూసి మా ఊరి మగవాళ్లకు నవ్వులాట. స్తంభం ఎక్కే ముందు రబ్బరు గ్లౌజుల్లోకి గాలి ఊది, చిల్లి ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "బూర ఊదతన్నావా సాయిబూ" అనేవాళ్లు. సన్న తీగ మెలిపెట్టాలంటే ఆ గ్లౌజులు విప్పక తప్పదట. అందుకే ముందు ఫీజులు తీసి, తీశానని ఒక మనిషికి చెప్పి మరీ ఎక్కుతానని ఒకసారి నాతో అన్నాడు.

ఆ రోజు ఆ మనిషిని నేనే. "చెల్లెమ్మా, ఫీజులు తీశా. వాగవతల స్తంభం ఎక్కతన్నా. నేనొచ్చిందాకా ఎవుర్నీ చెయ్యి పెట్టనీమాక" అన్నాడు. అట్టాగే అన్నా అన్నాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, చంకలో పిల్ల ఏడుస్తోంది.

కాసేపటికి మా ఆయన మిరపతోట నుంచి విసురుగా వచ్చాడు. మోటారు ఆగింది, తోట సగమే తడిసింది. "కరెంటుకేమొచ్చిందే?" అని వాకిట్లోంచే అడిగాడు. "ఫీజు పోయిందంట" అన్నాను, బియ్యం కడుగుతూ, తలైనా ఎత్తకుండా.

తీశాడు అనాల్సింది. కరెంటు గురించి మాకప్పుడు వచ్చిన మాట అదొక్కటే. బల్బు పోయింది, కరెంటు పోయింది, ఫీజు పోయింది. పోయిందంటే కాలిపోయిందని, ఇంత తీగ ముక్క కడితే సరిపోతుందని అందరి లెక్క. ఎండుకర్రతో ఆ ముక్క తగిలించడం ఊళ్లో సగం మందికి వచ్చు, మా ఆయనకూ వచ్చు. నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికెళ్లి అదే చేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారానని కూడా నాకు తెలియలేదు. అన్నం వారుస్తుంటే వాగు వైపు నుంచి కేకలు వినపడ్డాయి.

వెళ్లేసరికి అన్నను దించి గట్టు మీద పడుకోబెట్టారు. ప్రాణం లేదు. గ్లౌజులు రెండూ నడుముకి దోపుకుని ఉన్నాయి.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. లేచెళ్లి వాకిలి తలుపు వేసొచ్చి, "ఇంకెవురికీ చెప్పమాక" అన్నాడు.

మూడో రోజు విచారణకు ఆఫీసరొచ్చి మా అరుగు మీదే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ చూడలేదని ఊరంతా ఒకే మాట మీద నిలబడింది. ఫీజులు తీయకుండా, ఎవరికీ చెప్పకుండా స్తంభం ఎక్కాడు, నిర్లక్ష్యం అతనిదే అని ఆఫీసరు గుమాస్తా చేత రాయించాడు. తలుపు వెనక నిలబడి విన్నాను. ఒక్క అడుగు వేస్తే అరుగు. మా ఆయనను జైలుకు పంపుతారని భయపడి ఆ అడుగు వేయలేదు. ఊళ్లోకెల్లా జాగ్రత్త గల మనిషికి ఆ పేరు రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. సిగ్గులేని దాన్ని.

ఆర్నెల్ల తర్వాత సాయిబు భార్య బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మంచినీళ్లిచ్చాను, తాగింది.

"ఆయన చెప్పకుండా ఎక్కే మనిషి కాదమ్మాయ్. తప్పు ఆయనదేనని కాయితంలో రాశారంట. నేన్నమ్మలా. ఎదురిల్లు గదా మీది, నీకేమన్నా చెప్పాడేమో అడుగుదామని వచ్చా."

మా ఆయన పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అటు చూడలేదు నేను. ఆమె మొహమూ చూడలేదు.

"లేదు వదినా. నాకేం చెప్పలా."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అయితే మర్చిపోయుంటాడులే" అంది.

ఆఫీసరు రాసినా నమ్మనిది, నేను చెబితే నమ్మింది.