దొరసాని నాడాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఫోన్లో ఒకసారి చూస్తే చాలు, ఆ పని వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. మామూలు రోజుల్లో మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు, సెలవొస్తే యూసుఫ్‌గూడలో మా మేనమామ దగ్గర గుర్రం పని. పెళ్లికొడుకులను ఊరేగించే ఆ ఒక్క తెల్ల గుర్రమే మామకు ఆధారం. పేరు దొరసాని. (దాని ముందు మామ చేతులు కట్టుకుని నిలబడడం చూసి మా అత్త పెట్టిన పేరు.)

దొరసానికి ఒక పాడలవాటు. నడుస్తూ నడుస్తూ వెనక కాలితో ముందుకాలి ఇనప నాడాను తొక్కి, తన నాడాను తానే ఊడబెరుక్కునేది. గిట్ట పెరిగితే ముందుకాలు లేవడం ఆలస్యమై వెనక కాలికి దొరికిపోతుందని, నెలన్నరకోసారి గిట్ట చెక్కించాలని నాడాలు కొట్టే చాచా చెప్పాడు. గుర్తుపెట్టుకుని ఆయనకు ఫోన్ చేయడం నా పని. పరీక్షల్లో పడి మరిచిపోయాను. పంజాగుట్టలో ఊరేగింపు మధ్యలో నాడా ఊడింది, గిట్ట అంచు కూడా పెచ్చుగా లేచిపోయింది. దొరసాని నెల రోజులు కుంటింది. ఇంకోసారి ఇట్లయితే మేకు కొట్టడానికి గిట్ట మిగలదని చాచా తేల్చేశాడు. మామ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

గిట్ట నయమయ్యాక చాచా కొత్త నాడాలు కొట్టాడు. అయినా నాకు మనసు ఒప్పక, ఫోన్లో వెతికి, వెనక కాలు నాడాకు తగలకుండా ముందుకాళ్లకు తొడిగే రబ్బరు తొడుగులుంటాయని కనిపెట్టాను. పాత లారీ ట్యూబు కోసి, నా ల్యాప్‌టాప్ సంచీ పట్టీలు పీకి, నేనే తయారుచేశాను. (ముందురోజు తొడిగి నడిపించి చూడాలన్న జ్ఞానం మాత్రం ఫోన్ ఇవ్వలేదు.) ఊరేగింపు రోజు పొద్దున అమీర్‌పేటలో పెళ్లికొడుకు ఎక్కాడు, బ్యాండు మొదలైంది. కాళ్లకేదో అంటుకుందనుకున్న దొరసాని అడుగడుక్కీ మోకాలు ఛాతీదాకా ఎత్తి విదిలించడం మొదలుపెట్టింది. డాన్సు గుర్రం వచ్చిందని జనం ఈలలు. బ్యాండువాళ్లు దాని అడుగుకు తగ్గట్టు దరువు మార్చేశారు. పైనున్న పెళ్లికొడుకు వంగి, "అన్నా, జర దించుతవా, నడిచొస్త" అని బతిమాలాడు. పక్కనే నడుస్తున్న మామ నా చెవిలో, "నాడా గిట్ల పోయిందనుకో, దీన్ని నువ్వే ఇంటిదాక మోస్కరావాలె" అన్నాడు. పంజాగుట్ట ఫంక్షన్ హాలు వచ్చేదాకా నేను దాని ముందుకాళ్ల మీంచి చూపు తిప్పలేదు.

పెళ్లికొడుకు దిగగానే మామ నేల మీద కూర్చుని ఒక్కో కాలూ ఎత్తి చూశాడు. నాలుగు నాడాలూ ఉన్నాయి. గిట్టలూ భద్రం. నాకు ప్రాణం లేచొచ్చింది. మామ కళ్లు తుడుచుకుని, "పొద్దుగాల ఏమన్న తిన్నవారా?" అన్నాడు. నెల రోజుల తర్వాత ఆయన నాతో మామూలుగా మాట్లాడిన మొదటి మాట అది. నేను దొరసాని మెడ పట్టుకుని సిగ్గులేకుండా ఏడ్చాను.

తర్వాత కొన్నేళ్లకు నా పెళ్లికి మామ పట్టుబట్టి నన్నూ దొరసాని మీదే ఊరేగించాడు. ఆ ఫోటోలు మొన్న మళ్లీ చూశాను. ఒక్కదాంట్లోనూ నా మొహం కనిపించదు, తలపాగా అంచే కనిపిస్తుంది. అల్లుడికి మస్తు సిగ్గని అత్తగారివాళ్లు ఇప్పటికీ మురిసిపోతుంటారు. దారి పొడుగునా గుర్రం ముందుకాళ్లే చూస్తూ కూర్చున్నానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.