తరవాణికి మినహాయింపు

భిలాయిలో మాకు దొరికిన ఇంటికి చేరాలంటే ముప్పై ఆరు మెట్లు ఎక్కాలి. సామాన్లు మోసిన రోజునే లెక్కపెట్టాను. ప్రతి మలుపులోనూ గోడ మూల నడుమెత్తు వరకు గుట్కా ఉమ్మితో ఎర్రగా ఉంది. పాతది నల్లబడి పెచ్చుకట్టింది, దాని మీద కొత్తది ఇంకా జారుతోంది. ఉమ్మకుండా ఉంటారని ఎవరో ఆ మూలల్లో దేవుడి బొమ్మల టైల్స్ అంటించారు. ఉమ్మేవాళ్ళు దేవుళ్ళను వదిలేసి, గురి తప్పకుండా చుట్టూ ఉమ్మారు. నాలుగేళ్ళ మా బాబు గోడ పట్టుకుని ఎక్కుతుంటే వాడి చెయ్యి తీసేసి, నా చీర కొంగు చేతిలో పెట్టాను. ఏడేళ్ళ మా పాప ముక్కు మూసుకుని ముందే పరిగెత్తింది.

మేం విజయనగరం నుంచి వచ్చాం. మా ఆయన వెల్డరు. ఉక్కు ప్లాంటు లోపల మరమ్మతులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. ఇల్లు రిసాలి అనే పేటలో, పాత క్వార్టర్లకు అవతల ఒక మూడంతస్తుల భవనంలో, రెండో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు. బాత్రూంలో ఎంత తోమినా పోని పసుపు చార. కిటికీ తెరిస్తే కింద మురుగు కాలువ. అందులో పంది ఒకటి మధ్యాహ్నం పూట సుఖంగా పడుకునేది. కిటికీ మూస్తే వేడి. పొద్దున తుడిచిన నేల మీద సాయంత్రానికి ప్లాంటు దుమ్ము పాదాలకు ఎర్రగా అంటుకునేది. ఊరు మంచిదేనని, ప్లాంటు ఉద్యోగులుండే సెక్టార్లలో రోడ్లు వెడల్పుగా, చెట్లతో ఉంటాయని మా ఆయన అనేవాడు. ఉంటాయి. మేం సెక్టార్లలో లేం.

నేను పదో తరగతితో బడి మానేసిన దాన్ని. కానీ చదువు మానలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు కూర్చుని, ఆరోగ్యం అని చీటీ అంటించిన అలమరను కింది అర నుంచి పై అర దాకా పూర్తి చేశాను. పేగులు ఎంత పొడవుంటాయో, కలరా ఒక వీధి నుంచి ఇంకో వీధికి ఎలా నడుస్తుందో నాకు తెలుసు. ఇంటి చుట్టుపక్కల ఎవరికి జ్వరం వచ్చినా ముందు నన్నే అడిగేవారు. డాక్టరు కూడా నేను చెప్పిందే చెబితే నాకు లోపల చాలా సంతోషంగా ఉండేది. ఇప్పటికీ దాచుకోను, ఆ గర్వం నాకుంది.

రెండో వారంలో బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. వాంతులు కూడా. ఒకే గది ఇంట్లో పిల్లాడికి అలా వస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి మర్యాదైన మాటలు లేవు. కుళాయి పొద్దున గంటన్నరే వచ్చేది. ఆ తరువాత పట్టి ఉంచుకున్న బకెట్లే. వాడి లాగులు, దుప్పటి, నా చీర, అన్నీ ఒకే మూల ఈగలు ముసిరి పడి ఉండేవి. నేను ఆ పక్కనే వంటింట్లో అన్నం వండాను, ఆ గదిలోనే తిన్నాం.

ఫోనులో మా అత్త సంగతి తేల్చేసింది.

"ఆ ఊరి నీలు పడనేదే గుంటడికి. నా కాడికి పంపీయ్. రెండ్నెల్లు ఉంటాడు."

"నీళ్ళు పడటం, పడకపోవడం అంటూ ఏమీ ఉండదత్తా. నీళ్ళలో క్రిములుంటాయి. మరగబెడితే చచ్చిపోతాయి."

"సచ్చిన పురుగుల్ని తాగిస్తావేటి మరి నా మనవడికి?"

తాగించాను. పెద్ద స్టీలు గిన్నెలో నీళ్ళు తెర్లాక కూడా గడియారం చూసి ఇరవై నిమిషాలు ఉంచేదాన్ని. పళ్ళు తోముకోవడానికి అవే, కూరలు కడగడానికి అవే, పాప బడి సీసాలోకి అవే. గ్యాసు ఎక్కడ సరిపోతుందని మా ఆయన గొణిగితే, పేగుల గురించి రెండు వాక్యాలు చెప్పి నోరు మూయించాను.

ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఇచ్చాను. తరవాణికి. మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళకు చెబుతాను. వార్చిన గంజి, కడుగు, అంటే బియ్యం కడిగిన నీళ్ళు, కుండలో పోసి పులియబెడతాం. పొద్దున ఆ పుల్లటి నీళ్ళలో చద్దన్నం కలిపి, ఉల్లిపాయ నంజుకుని తింటాం. తీసినంత మళ్ళీ పోస్తాం. వచ్చిన మూడో రోజునే పక్కనున్న దుర్గ్ బజారులో కుండ కొని మొదలుపెట్టాను. కొత్త ఊళ్ళో నాకు నచ్చినదంటూ ఉంటే ఆ పొద్దుటి పులుపే. బాబుకు అది ప్రాణం. కడుగు మాత్రం కుళాయి నీళ్ళదే. పులుపులో క్రిములు బతకవని చదివాను. ఆ వాక్యం కుడివైపు పేజీలో, కింది నుంచి మూడో వరసలో ఉండేది. అంత బాగా గుర్తు.

వాడికి అయిదు రోజులు తగ్గి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఒళ్ళు గుడ్డపీలికలా వేలాడిపోతే ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఇంటికి తెచ్చాక మా ఆయన నా ముఖం చూడకుండా చెప్పాడు.

"తమ్ముడు రాయపూర్ పని మీద వస్తన్నాడు. శనివారం దుర్గ్‌లో ఊరికి బండెక్కుతాడు. బాబుకీ బెర్తు తీసీమన్నాను."

"నన్నడక్కుండానా?"

"నిన్నడిగితే నువ్వు పుస్తకం సెప్తావు. పిల్లోడు సూడు ఎలాగున్నాడో."

రెండు నెలలంటారు. మా ఆడపడుచు కొడుకును కూడా అలాగే రెండు నెలలకని అత్త దగ్గర వదిలారు. ఏడో తరగతి దాకా వాడు అక్కడే ఉండిపోయాడు. తల్లి గుమ్మంలోకి వస్తే, చుట్టాలొచ్చారని చెప్పడానికి లోపలికి పరిగెత్తేవాడు. ఆ పరుగు నేను కళ్ళారా చూశాను. ఆ రోజు బుధవారం. నాకు మూడు రోజులున్నాయి.

నీళ్ళు మరుగుతున్నాయి, పిల్లాడు జబ్బు పడుతున్నాడు. తప్పు మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు కాబట్టి నేను దాన్ని బయట వెతికాను. డాబా మీదికెక్కి మా కుళాయిలకు నీళ్ళొచ్చే ట్యాంకు చూశాను. మూత లేదు. ఎవరిదో ఎన్నికల ఫ్లెక్సీ కప్పి దాని మీద ఇటుక పెట్టారు. ఫ్లెక్సీలోని నాయకుడు దండం పెడుతున్నాడు. అది ఎత్తితే లోపల పావురం ఈకలు తేలుతున్నాయి, ఈకల మధ్య పావురం కూడా ఉంది, ఉబ్బిపోయి. గోడలకు పచ్చటి పాచి, అది నీటి కదలికకు మెల్లగా ఊగుతోంది. మూడు వారాలుగా మేం ఒళ్ళు కడుక్కున్నవి ఆ నీళ్ళే.

పై అంతస్తు ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఒక కర్రతో పావురాన్ని లేపి, అటు పక్క ఖాళీ స్థలంలోకి విసిరేశాడు.

"హో గయా, దీదీ. బీస్ సాల్ సే యహీ పీ రహా హూఁ," అన్నాడు. పని అయిపోయిందట, ఇరవై ఏళ్ళుగా ఇవే తాగుతున్నాడట. రుజువుగా తన పొట్ట మీద రెండుసార్లు తట్టి, పిట్టగోడ మీంచి కిందికి ఉమ్మాడు.

కింద ఇంట్లో శ్రీకాకుళం వైపు ముసలావిడ ఉండేది. భర్త ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. భవనంలో తెలుగువాళ్ళం మేం రెండిళ్ళే. పిన్నీ అని పిలిచేదాన్ని. ఆ కోపంతోనే దిగి వెళ్ళి ఆవిడకూ చెప్పాను.

"ఆ టాంకీ గురించి నాను పదేళ్ళు మొత్తుకున్నాను తల్లీ," అంది. "మా ఆయన రిటైరయ్యేడు గాని, దానికి మూత రానేదు. మేం తాగడానికి ఈది పంపు కాడ తెచ్చుకుంటాం. నీకెవులూ సెప్పనేదా?"

"నేను మరగబెడుతున్నాను పిన్నీ."

"మరైతే గుంటడికి ఎందుకు తగ్గనేదు?"

గాలి అన్నాను, ఈగలన్నాను, మెట్ల మీద ఉమ్మి అన్నాను. ఆవిడ తల ఊపింది.

గురువారం పొద్దున పిల్లాణ్ణి చూడటానికి ఆవిడ ముప్పై ఆరు మెట్లూ ఎక్కి వచ్చింది. అప్పటికి మా ఆయన వెళ్ళిపోయాడు. ఆయన ఏడింటికే బయలుదేరి పొద్దుటి తిండి క్యాంటీన్లో తినేవాడు. బాబు గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏటి తింతన్నాడు?"

"తరవాణి అన్నం పిన్నీ. వాంతికి నోరు చేదుగా ఉందంటే పెట్టాను."

ఆవిడ ముఖం విప్పారింది. "ఓలమ్మ. తరవాణా. సూసి ఎన్నాళ్ళయిందో. ఏదీ?"

వంటింట్లోకి తీసుకెళ్ళాను. మూత తీసి వంగి వాసన చూసింది. వెంటనే తల వెనక్కి తీసుకుంది.

"కుండ ఎప్పుడు తోమినావు?"

నేను తోమలేదు.

"కడుగు ఏ నీలుతోటి?"

"కుళాయివే. కానీ పులుపులో క్రిములు బతకవు పిన్నీ, నేను చదివాను."

"పాతది పులిసింది. సరే. నిన్న సందేల పోసిన కొత్త నీలు తెల్లారేసరికి ఎంత పులుస్తాయేటి? నువ్వు రోజూ తీస్తన్నావు, రోజూ పోస్తన్నావు. ఆ పావురం నీలే కదా పోస్తన్నావు." కొంచెం ఆగి, "మా అమ్మయితే ఆదివారం ఆదివారం కుండ ఒంపీసి, తోమి, ఎండలో బోర్లించేది. మీ ఇంట్లో అలాగ సెయ్యరా?" అంది.

చేస్తారు. మా అమ్మా చేసేది, అత్తా చేసేది. కారణం చెప్పమంటే ఇద్దరూ చెప్పలేకపోయారు. ఏ పుస్తకంలోనూ కనబడలేదు కాబట్టి అది ఉత్త ఆచారమని నేను తీసిపారేశాను.

ఆవిడ వెళ్ళాక కుండను బాత్రూంలోకి మోసుకెళ్ళి ఒంపాను. పైన నీళ్ళు పోయాయి. అడుగున ఉన్నది నీళ్ళలా పోలేదు, తీగలా సాగింది. లోపల చెయ్యి పెట్టి రాస్తే గోళ్ళ సందుల్లోకి తెల్లటి జిగురు వచ్చింది. పులుపు కింద ఇంకో వాసన ఉంది, కుళ్ళిన వాసన. మూడు వారాలుగా రోజూ పొద్దున దాని మీదే ముక్కు పెట్టి, బాగా పులిసిందని మురిసిపోయాను. నాకూ ఈమధ్య రెండుసార్లు కడుపులో తిప్పింది. మెట్ల మీది ఉమ్మి చూసి తిప్పిందనుకున్నాను. పులుపు పడక తరవాణి ముట్టని పాపకు ఒక్కరోజు కూడా ఏమీ కాలేదు. అది పెద్దపిల్ల కాబట్టి తట్టుకుందని సరిపెట్టుకున్నాను. కళ్ళ ముందు అన్నీ ఉన్నాయి. నేను చదవలేదు.

ఆ మధ్యాహ్నం నేను ఆలోచించిన సంగతి రాయడానికి అసహ్యంగా ఉంది, అయినా రాస్తాను. కుండ ఒంపేశాను, పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. ట్యాంకు వల్లే అనవచ్చు. పావురం సాక్ష్యం ఉంది. కానీ ట్యాంకు అలాగే ఉంటుంది కాబట్టి మా ఆయన పిల్లాణ్ణి పంపించేస్తాడు. తప్పు నాదని చెబితేనే, దిద్దేదీ నేనేనని చెప్పగలను. ఇంత చిన్న లెక్క తేలడానికి నాకు మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఒక పక్క పిల్లాడు, ఒక పక్క తెలివైనదాన్నన్న నా పేరు. సాయంత్రం దాకా ఊగాను.

మా ఆయన బూట్లు విప్పకముందే చెప్పేశాను. ఆయన లేసులు విప్పుతూ అడిగాడు.

"పుస్తకంలో ఉందన్నావు కదా."

"పులిసినదాని గురించి ఉంది. రోజూ పచ్చినీళ్ళు కలపమని లేదు. అది నేనే అనుకున్నాను."

"మా అమ్మకి నువ్వే సెప్పు. నాను సెప్పను."

ఫోనులో అత్త మొత్తం విన్నది.

"మా అత్త కాలం నుంచి తాగుతన్నాం తరవాణి. ఎవులికీ ఏటీ అవనేదు."

"కుండ తోమేవారు కదత్తా. నేను తోమలేదు. నీళ్ళు కూడా మంచివి కావు."

"అయితే నీలు పడనేదని ఒప్పుకున్నట్టా, నేదా?"

మా ఆయన నా వైపు చూస్తున్నాడు. అత్త అనేదానికీ నేననేదానికీ తేడా ఎంతో ఆవిడకు వివరించగలను. ఒక పేజీ వివరించగలను.

"ఒప్పుకున్నానత్తా. నీళ్ళు పడలేదు."

"అదీ. వారం సూడు. మళ్ళీ పట్టిందంటే నానే ఒచ్చి తీస్కెళ్ళిపోతాను. అప్పుడు నీ మాట ఇనను."

మా ఆయన బెర్తు రద్దు చేశాడు. వీధి పంపు నుంచి బిందెలు మోయడం మొదలుపెట్టాను. మెట్ల మలుపులో బిందె దించుకోవాలంటే గోడకు ఆనుకోవాలి. ఆ గోడకు ఆనుకోలేక రెండు అంతస్తులూ ఒక్క ఊపిరిలో ఎక్కేదాన్ని. శనివారం మా మరిది వచ్చాడు, భోజనం చేశాడు, "ట్యాంకీ సూసొచ్చాను వదినా, అన్నం తినకముందే సూడాల్సింది" అన్నాడు. ఒక్కడే దుర్గ్‌కు బయలుదేరాడు. బాబుకు రైలు గురించి ముందే ఎవరో చెప్పేశారు. బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చిన్నాన్న వెళ్ళిపోయాక ఆ బూట్లతోనే నా కాలి మీద తన్ని, పంపు దగ్గర పిల్లల నుంచి నేర్చుకున్న హిందీలో నన్ను గందీ అన్నాడు. మురికిదాన్నట. నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ వారమంతా వాడు బాత్రూంలోకి వెళ్ళినప్పుడల్లా వెనకే వెళ్ళి, నీళ్ళు పోయకముందు వంగి చూసేదాన్ని. పల్చన ఎంత, రంగేమిటి, జిగురుందా. ఏ తల్లీ గొప్పగా చెప్పుకునే పని కాదు. నాలుగో రోజు సగం నయం. అయిదో రోజు నాకు అనుమానం వచ్చి అన్నం కూడా మానిపించి జావ పోశాను. ఎనిమిదో రోజు పొద్దున లోపలి నుంచి వాడే పిలిచాడు. ముఖం ఇంకా గోడ వైపే పెట్టుకుని, వేలితో కిందికి చూపించాడు.

"దేఖో," అన్నాడు.

చూశాను. గట్టిగా ఉంది. వాణ్ణి కడిగి, చేతులు సబ్బుతో రెండుసార్లు తోముకుని, అత్తకు ఫోను చేశాను.