రబ్బరు బాతులో రేకు ఈల

ఆ దుకాణంవాడి నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని పక్కన మా ఆయన నవ్వూ గుర్తుంది. పాప ఏడుపు మాత్రం అంతగా గుర్తులేదు.

శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండేవాళ్ళం. మా ఆయనది రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో పని. పాపకు పళ్ళు వస్తున్నాయని, నొక్కితే కూసే రబ్బరు బాతు ఒకటి బజార్లో కొన్నాం. మర్నాడు పొద్దున పాప దాన్ని కొరుకుతూ కొరుకుతూ ఆగిపోయింది. ఊపిరి లేదు. పెదాలు నీలమయ్యాయి. మా అత్తగారు నా చేతుల్లోంచి లాక్కుని, ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా వేసుకుని వీపు మీద చరిచారు. బాతు అడుగున బిగించిన రేకు ఈల గచ్చు మీద పడింది. పాప ఏడ్చింది. నేను ఈల కడిగి రుమాల్లో కట్టుకున్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

సాయంత్రం మా ఆయనతో బాతు కొన్న దుకాణానికి వెళ్ళి, ఈలను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను.

"బచ్చీ ఠీక్ హై నా, బహన్‌జీ?"

బాగానే ఉందన్నాను.

"తో ఫిర్ క్యా?" అని నవ్వి, అట్టపెట్టెలోంచి ఇంకో బాతు తీసి నా ముందు పెట్టాడు. పిల్ల బతికింది కదా, ఇంకేం కావాలి అన్నట్టు.

ఆ పెట్టె మొత్తం అమ్మడం మానెయ్యమన్నాను. వాడు మా ఆయన వైపు తిరిగి, ఇంట్లో కూడా ఇలాగేనా భాయీసాబ్ అని హిందీలో అడిగాడు. మా ఆయన కూడా నవ్వారు.

బయటికొచ్చాక, "అందరూ చూస్తన్నారే. పిల్లకేటీ అవలేదు గదా, ఒగ్గెయ్" అన్నారు.

"నిన్న పట్టాలు తప్పలేదని, బోల్టు ఊడిన బండి ఒగ్గేత్తారా మీరు?"

నడవకూడని వ్యాగన్ మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు గీయడమే ఆయన పని.

ఆయన చొక్కా జేబులోని సుద్దముక్క తీసుకుని మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళాను. బాతుల పెట్టె మీద ఇంటూ గీశాను. "పాగల్ హై క్యా?" అని పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వాడు తడిగుడ్డతో తుడిచాడు. బజారుకు వెళ్ళినప్పుడల్లా గీశాను. వాడు తుడుస్తూనే ఉన్నాడు.

సంగతి కాలనీకి తెలిసింది. ఎదురు క్వార్టరావిడ కుళాయి దగ్గర, "ఇనస్పెట్రమ్మా, మా బిందె కూడా సూసి పాసు సెయ్యమ్మా" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడతో మాటలు మానేశాను.

ఒకసారి దుకాణానికి వెళ్ళేసరికి ఆవిడే అక్కడుంది. చంకలో మనవడు, చేతిలో బాతు. నేను పలకరించలేదు. పెట్టె మీద గుర్తు గీశాను. ఆవిడ భర్తదీ వర్క్‌షాపే. గుర్తు కేసి చూసింది.

"ఇది సిక్కా?" అంది. నడవకూడని బండిని మావాళ్ళు, జబ్బుపడ్డ మనిషిని అన్నట్టు, 'సిక్' అంటారు.

"సిక్కే."

బాతును తిరగేసి ఈలను గోటితో లాగింది. ఊడి చేతిలోకి వచ్చింది.

"ఓలమ్మ" అని, రెండూ బల్ల మీద పెట్టేసింది.

నన్నన్న మాటలకు ఆవిడ క్షమించమనలేదు. నేనూ అడగలేదు. ఒకే రిక్షాలో కాలనీకి వచ్చాం. దారంతా ఆ పిల్లాడు నా కొంగు చివర నములుతూనే ఉన్నాడు. నేను లాక్కోలేదు.